మా రోజుల్లో గరగర వెంట నడిచేవాళ్లం

మా వనపర్తి జిల్లా కొత్తకోటలో ఇప్పుడు నెట్ ఆగితే అందరూ చేసే పని ఒక్కటే. రూటర్ స్విచ్ ఆపుతారు, కాసేపు ఆగి మళ్లీ వేస్తారు. అప్పటికీ రాకపోతే ‘టవర్ ప్రాబ్లం’ అని తేల్చేసి ఊరుకుంటారు. ఏ టవర్, ఏం ప్రాబ్లం, పొద్దున లేనిది సాయంత్రమే ఎందుకొచ్చింది అని అడిగేవాడు లేడు. కంపెనీ వాడూ అడగడు, డబ్బు కట్టేవాడూ అడగడు. ఒకప్పటి 7వ నంబరు జాతీయ రహదారి పక్కన, ఇప్పుడు దాన్ని 44 అంటున్నారు, ముందు రేడియోలు, తర్వాత టీవీలు బాగుచేసి బతికినవాణ్ని నేను. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. గాలిలో పుట్టే ప్రతి గరగరకూ ఒక చోటు ఉంటుంది, ఒక వేళ ఉంటుంది. వెతికితే దొరుకుతుంది. మేం వెతికేవాళ్లం.

మా రోజుల్లో ఈ ఊరి గాలి ఇంత రద్దీగా లేదు. పగలు మీడియం వేవ్‌లో 738 కిలోహెర్ట్జ్ మీద హైదరాబాద్ కేంద్రం, చీకటి పడితే 837 మీద విజయవాడ కూడా. హైదరాబాద్ మనకు నూరు కిలోమీటర్ల పైమాటే కాబట్టి సిగ్నల్ అంతంత మాత్రం. పక్కన చిన్న నిప్పురవ్వ రేగినా వార్తలు మునిగిపోయేవి. రైతు సెట్టు చంకన పెట్టుకొని వచ్చేవాడు. “అన్నా, రేడియోల ఒకటే గరగర. ముచ్చట ఇనపడ్తలేదు” అనేవాడు. దుకాణంలో పెడితే సెట్టు చక్కగా పాడేది. అంటే తప్పు సెట్టులో లేదు, వాళ్ల వాడలో ఉంది. నేను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: “ఎన్ని గంటలకు మొదలైతది, ఎప్పుడు బందైతది?” సగం జబ్బు ఆ జవాబులోనే తేలిపోయేది. తెల్లారుజామున మొదలై పొద్దెక్కేసరికి ఆగితే బోరు మోటరు స్టార్టర్. పగలంతా ఉండి మధ్యాహ్నం భోజనం వేళ ఆగితే గిర్నీ. వారానికి ఒకటి రెండుసార్లు, అదీ చీల్చినట్టు వస్తే వెల్డింగ్.

మిగతా సగానికి నడవాలి. ట్రాన్సిస్టర్ తీసుకొని, ఏ స్టేషనూ లేని చోట ముల్లు పెట్టి, గరగర మాత్రమే వినబడేలా చేసుకొని వీధిలోకి దిగేవాణ్ని. ట్రాన్సిస్టర్ లోపల ఫెర్రైట్ కడ్డీ ఉంటుంది, దాని మీద సన్నని తీగ చుట్టి ఉంటుంది. మీడియం వేవ్‌కు అదే యాంటెన్నా. కడ్డీ పక్కభాగం చప్పుడు పుట్టిన వైపు ఉంటే గరగర జోరుగా ఉంటుంది. కడ్డీ కొన అటు తిరిగిందంటే దాదాపు అణిగిపోతుంది. జోరు ఎక్కడ ఎక్కువో చెవికి సరిగ్గా అందదు, అణిగిన చోటు మాత్రం స్పష్టంగా దొరుకుతుంది. అందుకే మేం జోరును కాదు, అణిగిపోవడాన్ని పట్టుకొనేవాళ్లం. కొన చూపిన దారిని గుర్తు పెట్టుకొని, పక్క వీధికి నడిచి మళ్లీ తిప్పి చూస్తే ఇంకో దారి తేలేది. ఆ రెండూ కలిసిన చోట ఒక స్తంభమో, ఒక మోటరో కచ్చితంగా ఉండేది.

స్తంభమైతే లైన్‌మన్ దగ్గరికి. మనకు కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. ఒక్కో ఊపులో రెండుసార్లు రవ్వ లేస్తుంది కాబట్టి లైన్ నుంచి వచ్చే గరగరకు సెకనుకు నూరు దెబ్బల బొంగురు మోత ఉంటుంది. ఆ మోత ఒకసారి చెవిన పడితే మరచిపోలేం. వాన పడగానే అది ఆగిందంటే ఎక్కడో బైండింగ్ తీగ వదులైంది. తడి ఆ సందును మూసేస్తుంది, రవ్వ ఆగుతుంది. మంచు పడినప్పుడో జల్లు పడినప్పుడో కొత్తగా మొదలైందంటే ఇన్సులేటర్‌కు మురికి పట్టింది, లేదా అది చిట్లింది. ఈ తేడా చెబితే లైన్‌మన్ మన మాట వినేవాడు. ఎల్‌సీ, అంటే లైన్ ఆపించే అనుమతి తీసుకొని, లైన్ చచ్చిందని చూసుకొని ఎక్కి బిగించేవాడు. గిర్నీ మోటరు అయితే బ్రష్‌లకు అడ్డంగా ఒక కండెన్సర్ వేసేవాణ్ని. గిర్నీ యజమాని వద్దనేవాడు కాదు. తన మోటరు వల్ల వాడంతా వార్తలు వినలేకపోవడం ఆయనకూ తలవంపులే.

రేడియో వినడానికే అప్పుడు లైసెన్సు ఉండేది. ఏడాదికోసారి పోస్టాఫీసులో రుసుము కట్టి చిన్న పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. ఎనభైల మధ్యలో దాన్ని ఎత్తేశారు, మంచిదే. ఆ రుసుము మళ్లీ రావాలని నేను కోరను. కానీ ఆ పుస్తకం మా అందరికీ ఒక సంగతి నేర్పింది. గాలి ఎవడి సొంతమూ కాదు, దానికో చట్టం ఉంది, అది 1933 నుంచీ ఉంది. వినే పెట్టెకే అనుమతి కావాలంటే పంపే పెట్టె మాటేమిటి? ట్రాన్స్‌మిటర్ అనే మాటను మా దుకాణాల్లో గొంతు తగ్గించి పలికేవాళ్లం.

ఆ రోజుల గాలి ఎంత తేటగా ఉండేదో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా ఇస్రో, అమెరికా నాసా కలిసి ‘సైట్’ అనే ప్రయోగం చేశాయి. ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లకు ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి టీవీ కార్యక్రమాలు నేరుగా దిగాయి. అప్పటి మన మహబూబ్‌నగర్ జిల్లా ఊళ్లూ అందులో ఉన్నాయి. సెట్లు చేసింది హైదరాబాద్ ఈసీఐఎల్. పదడుగుల జాలీ గొడుగు, దాని కింద ఒక పెట్టె, సాయంత్రం ఊరంతా దాని ముందే. సైకిళ్ల మీద చూడటానికి పోయినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ సిగ్నల్ 36 వేల కిలోమీటర్ల పైనుంచి 860 మెగాహెర్ట్జ్ మీద వచ్చేది. అంత దూరం నుంచి వచ్చిన బలహీనమైన సిగ్నల్‌తో బొమ్మ పడిందంటే, గొడుగు గొప్పతనం ఒక్కటే కాదు. ఆ 860 చుట్టుపక్కల మన పల్లెల్లో మాట్లాడేవాడు ఇంకొకడు లేడు. ఇవాళ అక్కడ చూడండి. 865 నుంచి 868 దాకా లైసెన్సు అక్కర్లేని పరికరాలు, 869 నుంచి మొబైల్ టవర్లు. అదే గొడుగు, అదే పెట్టె ఈ రోజు పెడితే ముందు వాటి మోతే పడుతుంది.

రద్దీ పెరగడం తప్పు కాదు. 2005లో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని లైసెన్సు లేకుండా వాడుకోమని ప్రభుత్వం వదిలింది. 2018లో 5 గిగాహెర్ట్జ్‌లో పెద్ద భాగం వదిలింది. అందుకే మగ్గాల వాడలో కూర్చొని చీర ఫొటో బెంగళూరు సేటుకు పంపగలుగుతున్నాం, అందుకే పిల్లలు ఇంట్లో పాఠాలు వింటున్నారు. నా కోపం వేరే చోట ఉంది. అందరం ఒకే గాలిని వాడుకుంటున్నప్పుడు, ఎవడి వల్ల ఎవడికి అడ్డం వస్తోందో చూసే పని ఇంకా పెరగాలి. అది పూర్తిగా ఆగిపోయింది. అదీ, చూడటానికి ఇంత మంచి యంత్రం చేతికొచ్చిన రోజుల్లో.

స్పెక్ట్రమ్ అనలైజర్ మాట చెబుతున్నాను. హ్యూలెట్ ప్యాకర్డ్ వాళ్లు 1964లో తెచ్చిన 8551 అంటే ఒక మనిషి ఎత్తే బరువు కాదు. మా కాలంలో హైదరాబాద్‌లో ఈసీఐఎల్, డీఎల్‌ఆర్‌ఎల్ లాంటి సంస్థల ల్యాబుల్లో తప్ప నాలాంటి మెకానిక్ కంటికి అది కనిపించే వస్తువు కాదు. ఇప్పుడది జేబులో పడుతుంది. టవర్ ఇంజినీర్ల చేతుల్లో అన్రిట్సు, రోడె అండ్ స్వార్జ్ యంత్రాలు ఉంటాయి, వాటి ధర లక్షల్లో. కానీ 2020లో ఎరిక్ కాషూక్ అనే డచ్ ఇంజినీర్ ‘టైనీఎస్ఏ’ అనే చిన్న పెట్టె చేశాడు. దాని తర్వాత వచ్చిన ‘అల్ట్రా’ వైఫై 5 గిగాహెర్ట్జ్ దాకా చూపిస్తుంది, మామూలు స్మార్ట్‌ఫోన్ ధరకే. లోపల ఉన్నది మా సూపర్‌హెట్ రేడియోనే. మేం వేలితో ముల్లు తిప్పేవాళ్లం. ఇది ఈ చివరి నుంచి ఆ చివరికి తనే తిప్పుకుంటూ, ఎక్కడెంత బలం ఉందో గీత గీసి చూపిస్తుంది. అడ్డంగా ఫ్రీక్వెన్సీ, నిలువుగా డీబీఎంలో బలం. పది డీబీ పెరిగితే పది రెట్లు, ఇరవై పెరిగితే నూరు రెట్లు. మాకు చెవి చెప్పినదాన్ని ఇది కంటికి చెబుతుంది, మా చెవికి ఎన్నటికీ అందని చోట్ల కూడా.

చదవడం నేర్చుకుంటే అందులో ప్రతిదానికీ ఒక ఆకారం ఉంది. వైఫై అయితే 20 మెగాహెర్ట్జ్ వెడల్పున దిబ్బ, పని ఉన్నప్పుడే లేస్తుంది. బ్లూటూత్ 79 చోట్ల, సెకనుకు 1600 సార్లు ఎగురుతూ మిణుకుమంటుంది. మైక్రోవేవ్ ఓవెన్ 2.45 దగ్గర వెడల్పుగా లేస్తుంది, కానీ ఆగి ఆగి. అనలైజర్‌ను ఒకే ఫ్రీక్వెన్సీ మీద నిలిపి కాలాన్ని చూస్తే, పది మిల్లీసెకన్లు ఉంటుంది, పది మిల్లీసెకన్లు ఉండదు. కరెంటు ఊపుతో కలిసి నడిచేది ఏదైనా సరే ఇలా పట్టుబడుతుంది. నా చెవికి తెలిసిన ఆ కరెంటు ఊపునే తెర మీద మొదటిసారి చూసినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

మా వాడ పక్కనే ఒక చిన్న కంపెనీ వాళ్లు ఇంటింటికి నెట్ ఇస్తారు. వాళ్ల దగ్గర పనిచేసే పోరడు హుషారైనవాడే. ఒక సందులో నాలుగైదు ఇళ్లకు సాయంత్రమైతే వైఫై పడిపోతోందని నెలల తరబడి ఫిర్యాదు. రూటర్లు మార్చాడు, కేబుల్ మార్చాడు. “యాప్‌ల చూసిన తాతా, ఛానల్ ఖాళీగనే ఉన్నది” అన్నాడు. అదిగో, అక్కడే పొరపాటు. ఫోన్‌లోని వైఫై యాప్‌కు వైఫై మాత్రమే కనిపిస్తుంది, అదీ తన పేరు చెప్పుకునేదే. పేరు చెప్పని మోత దానికి కనబడదు. వాళ్ల ఆఫీసులో అల్ట్రా పెట్టె ఉంది. తెచ్చి, ఒకచోట నిలబడి, తెర చూసి, “అవు తాతా, నాయిస్ ఉంది” అని బ్యాగులో పెట్టేశాడు. ఉందని తెలిశాక అసలు పని మొదలవుతుంది కానీ ముగుస్తుందా?

ముందు వేళ అడగమన్నాను. అన్ని ఇళ్లలోనూ రాత్రి ఏడు దాటాకే. ఏడు దాటాక వెళ్లాం. తెర మీద కదలని, ఆగని శిఖరం ఒకటి. పది మిల్లీసెకన్ల విరామం లేదు కాబట్టి ఓవెన్ కాదు. ఎగరడం లేదు కాబట్టి బ్లూటూత్ కాదు. యంత్రాన్ని గుండెకు ఆనించి పట్టుకొని, నిలబడ్డ చోటే మెల్లగా చుట్టూ తిరగమన్నాను. 2.4 దగ్గర మన ఒళ్లే మంచి అడ్డు, ఒంట్లో నీళ్లు సిగ్నల్‌ను మింగేస్తాయి. శిఖరం బాగా కుంగినప్పుడు మోత నీ వీపు వెనక ఉన్నట్టు. ఫెర్రైట్ కడ్డీ అణిగే చోటు పట్టుకున్నట్టే ఇదీ. సందు ఈ చివర ఒకసారి, ఆ చివర ఒకసారి తిరిగి చూస్తే దారి ఒక గోదాం మీదికి పోయింది. గోడ మీద పాతకాలపు వైర్‌లెస్ కెమెరా. బొమ్మను డిజిటల్ చేయకుండా, ఆపకుండా 2.4లో పంపేస్తూనే ఉంటుంది. యజమాని పొద్దుగూకాక దాన్ని ఆన్ చేసి తాళం వేసి ఇంటికి పోతాడు. విషయం చెబితే మంచి మనిషి, మర్నాడే కేబుల్ కెమెరా పెట్టించుకున్నాడు. నెలల తరబడి తెగని సమస్య ఒక్క సాయంత్రం నడకతో తీరింది.

ఇంతకంటే కోపం తెప్పించేది మొబైల్ బూస్టర్లు. ఆన్‌లైన్‌లో కొంటారు, ఇంటిమీద ఒక యాంటెన్నా, లోపల ఒక యాంటెన్నా బిగిస్తారు. లోపలిది పంపింది బయటిది మళ్లీ పట్టుకుంటే, పెళ్లి పందిట్లో మైకు స్పీకర్ ముందుకు వచ్చినప్పుడు కీచుమన్నట్టు, బూస్టర్ తనలో తనే కూయడం మొదలుపెడుతుంది. రెండు యాంటెన్నాల మధ్య అడ్డు, బూస్టర్ పెంచే బలం కంటే బాగా ఎక్కువ ఉండాలి. పక్కపక్క గదుల్లో పెట్టేవాడు ఆ లెక్క ఎక్కడ చూస్తాడు? ఆ కూత పోయేది ఫోన్లు టవర్‌తో మాట్లాడే దారిలోకి, అంటే 900 పట్టీలో 890 నుంచి 915 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న చోటికి. టవర్ చెవి చాలా సున్నితం. 3జీ టవర్ అయితే ఎవరూ మాట్లాడనప్పుడు అక్కడ మైనస్ 105 డీబీఎం దగ్గర నిశ్శబ్దం ఉండాలి. దాన్ని మైనస్ 90కి లేపితే ముప్పై రెట్ల పైన మోత. అప్పుడు ఊరి ఫోన్లకు గీతలు నిండుగానే కనిపిస్తాయి, టవర్ మాట ఫోన్‌కు వినిపిస్తుంది, ఫోన్ మాట మాత్రం టవర్‌కు చేరదు. రేషన్ షాపులో వేలిముద్ర పడక ముసలమ్మలు వరుసలో నిలబడేది ఇలాంటప్పుడు. జనం డీలర్‌ను తిడతారు, డీలర్ సర్వర్‌ను తిడతాడు, బూస్టర్ మేడ మీద హాయిగా కూస్తూనే ఉంటుంది.

ఇలాంటి అడ్డంకులను చూడటానికి కేంద్రానికి వైర్‌లెస్ మానిటరింగ్ సంస్థ ఉంది. హైదరాబాద్‌లో దాని స్టేషన్ ఉంది. ఆ స్టేషన్ వాళ్లు మొబైల్ కంపెనీల ఫిర్యాదు మీద హైదరాబాద్ వీధుల్లో తిరిగి అనుమతి లేని బూస్టర్లను (రిపీటర్లను) పీకించిన సందర్భాలు పత్రికల్లో వచ్చాయి. వాళ్లు చేసేదీ ఇదే: దిశ చూపే యాంటెన్నా, అనలైజర్, నడక. అనుమతి లేకుండా ఇలాంటి బూస్టర్లు అమ్మడం, పెట్టుకోవడం చట్టవిరుద్ధమని 2022లో టెలికాం శాఖ మళ్లీ చెప్పింది. అయినా కొనేవాడు కొంటూనే ఉన్నాడు. మా సరళాసాగర్ ప్రాజెక్టు కట్ట 2019 డిసెంబర్ 31న తెగింది. అలాంటి రోజున కింది ఊళ్లో ఒక మనిషికి ఫోన్ కలవకపోతే, అందుకు కారణం ఎవరి మేడ మీది బూస్టరో ఎప్పుడు తేలుతుంది?

యంత్రం ఉంటే చాలదని చెప్పడానికి ఇంకొక్క మాట. టవర్ కింద నిలబడి అనలైజర్ తెరిస్తే, ఆ బలానికి యంత్రమే తట్టుకోలేక గాలిలో లేని సిగ్నళ్లను తన లోపలే పుట్టిస్తుంది. పోరగాళ్లు వాటిని చూసి ‘ఇంటర్‌ఫియరెన్స్ దొరికింది’ అని రిపోర్టు రాసేస్తారు. లోపలికి వచ్చే బలాన్ని తగ్గించే అటెన్యుయేషన్‌ను పది డీబీ పెంచి చూడాలి. నిజమైన సిగ్నల్ ఉన్నచోటే ఉంటుంది. యంత్రం లోపల పుట్టినది తగ్గిపోతుంది. మా పాత రేడియోల్లోనూ ఒకే స్టేషన్ డయల్ మీద రెండు చోట్ల పలికేది, రెండిటి మధ్య దూరం 910 కిలోహెర్ట్జ్, అంటే సెట్టు లోపలి మధ్య ఫ్రీక్వెన్సీ 455కి రెట్టింపు. ఏది అసలో ఏది నీడో తెలిసినవాణ్నే మెకానిక్ అనేవాళ్లం. ఇప్పటి ఇంజినీరింగ్ పిల్లలకు సూత్రం నాకంటే బాగా వచ్చు. రిజల్యూషన్ బ్యాండ్‌విడ్త్ పది రెట్లు తగ్గిస్తే నాయిస్ నేల పది డీబీ దిగుతుందని పరీక్షలో రాస్తారు. చేతిలో యంత్రం పెడితే మాత్రం ఆ బటన్ జోలికి పోరు. అది దిగితేనే కదా, కింద దాగిన సన్నని సిగ్నల్ పైకి తేలేది! ఇది వాళ్ల తప్పు కాదు, వాళ్లను వీధిలోకి తీసుకెళ్లని మనది.

వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో కె.డి.ఆర్. పాలిటెక్నిక్ ఉంది. మన జిల్లా పిల్లలు అక్కడ ఎలక్ట్రానిక్స్ చదువుతున్నారు. హ్యామ్ రేడియో వాళ్లు ‘ఫాక్స్ హంట్’ అని ఒక ఆట ఆడతారు. ఎక్కడో దాచిన చిన్న ట్రాన్స్‌మిటర్‌ను దిశ పట్టి వెతకాలి. హైదరాబాద్‌లో 1983 నుంచి ఉన్న జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఇలాంటివి నేర్పుతుంది. అదే ఆటను పాలిటెక్నిక్ పిల్లలతో వనపర్తి, కొత్తకోట, గద్వాల వీధుల్లో ఆడించాలని అధ్యాపకులకు నా మనవి. చేతికి ఒక చిన్న అనలైజర్, దిశ చూపే ఒక యాగి యాంటెన్నా ఇచ్చి పంపండి. మునిసిపాలిటీ ఒక యంత్రం కొని ఎవరు అడిగినా ఇచ్చేలా పెట్టినా ఖర్చు పెద్దది కాదు.

ఇక ఇంట్లో ఉన్నవాళ్లు. మీ మేడ మీద అనుమతి లేని బూస్టర్ ఉంటే ఈ రోజే దించండి. పాత దూరదర్శన్ యాంటెన్నా బూస్టర్ కరెంటులో ఉండిపోయిందేమో చూడండి, తడిసి తుప్పు పట్టి అదీ కూస్తుంది. నెట్ పడిపోయినప్పుడు రూటర్ ఆపి వేయడంతో సరిపెట్టకుండా, ఏ రోజు, ఎన్ని గంటలకు పోయింది, ఎన్ని గంటలకు వచ్చింది అని ఒక కాగితం మీద వారం రోజులు రాసి కంపెనీ వాడి చేతికివ్వండి. అనలైజర్ పట్టుకొని వచ్చినవాడు ‘నాయిస్ ఉంది’ అని చెప్పి బ్యాగు సర్దుకుంటే పోనివ్వకండి. ఎటువైపు ఉందో చూపించమని అడిగి, అతని వెంట మీరూ నడవండి.